పాత డ్రమ్ముకు కలంకారీ చీరంచు: ఇంట్లోనే డ్రమ్ కిట్‌కు కొత్త రూపు ఇచ్చే పద్ధతి

మా అమ్మ పెట్టెలో ఒక శ్రీకాళహస్తి కలంకారీ నూలు చీర ఉండేది. నల్లగీతల వెంబడి ఒళ్ళంతా చిరుగులు. అంచు మాత్రం చెక్కుచెదరలేదు. ఆ గది మూలనే నా డ్రమ్ కిట్ ఉండేది. భజనలకీ పెళ్ళి ఆర్కెస్ట్రాలకీ జాతర స్టేజీలకీ తిరిగి తిరిగి దాని నల్ల ప్లాస్టిక్ తొడుగు పొక్కులు లేచింది. అతుకు దగ్గర నోరు తెరిచింది.

"ఆ చీరను కోసేస్తావా నాయనా?" అంది అమ్మ.

"అంచు కనబడేట్టు డ్రమ్ములకు చుడతానమ్మా. పెట్టెలో ఉంటే ఎవరు చూస్తారు?"

చీర ఒళ్ళో పెట్టుకుని కాసేపు కూచుంది. "అయితే నెమ్మదిగా కొయ్యి" అంది.

తిరుపతి బైరాగిపట్టెడలో మా మేడ మీద ఆ పని ఎలా చేశానో మొదటి స్క్రూ విప్పడం దగ్గర్నుంచి చెబుతాను. మీ దగ్గర చీర లేకపోయినా ఫర్వాలేదు, ఏ నూలు గుడ్డకైనా ఇదే పద్ధతి. మొదలుపెట్టే ముందు ఒక్కటి మనసులో పెట్టుకోండి. డ్రమ్ము పలికేది దాని అంచు మీద. చెక్క షెల్, అంటే డ్రమ్ము గుండ్రటి ఒళ్ళు, దాని పైఅంచూ కింది అంచూ స్కిన్‌ను, అంటే పైనా కిందా బిగించే పొరను, మోసే చోట్లు. గుడ్డ గానీ జిగురు గానీ పాలిష్ గానీ ఆ అంచు మీదికి వెంట్రుకవాసి ఎక్కినా డ్రమ్ము శ్రుతికి రాదు. కింద నేను చెప్పే జాగ్రత్తల్లో సగం ఈ అంచు కోసమే.

ఏ డ్రమ్ముకు చెయ్యాలి, దేన్ని ముట్టుకోకూడదు

ఇది ప్లైవుడ్ షెల్ ఉన్న డ్రమ్ కిట్‌కు సరిపోయే పని. టామ్‌లు (పైన అమర్చే చిన్న డ్రమ్ములు), ఫ్లోర్ టామ్ (కాళ్ళ మీద నిలిచే పెద్దది), బేస్ డ్రమ్ (కాలితో వాయించేది), చెక్క స్నేర్ (అడుగున తీగలుండేది) అన్నిటికీ కుదురుతుంది. స్టీలు స్నేర్ మీద గుడ్డ నిలవదు, దాన్ని మెరుగు పెట్టి వదిలేయండి.

డోలు, మృదంగం, పలక లాంటి వాటి జోలికి మాత్రం వెళ్ళకండి. మృదంగం పనసకట్టె మీద తోలు వారులు బిగుసుకుని కూచుంటాయి. ఆ వారులకూ కట్టెకూ మధ్య బిగువు, రాపిడి అన్నీ తయారుచేసినవాళ్ళ చేతి లెక్క. తిరుపతిలో నాదస్వరం, డోలు నేర్పడానికి ప్రత్యేకంగా బడే ఉంది. అక్కడివాళ్ళను గానీ వాయిద్యం చేసినవాళ్ళను గానీ అడక్కుండా డోలు మీద రంగు డబ్బా తెరవకూడదని నా గట్టి అభిప్రాయం. పలకనైతే మంట దగ్గర కాచి బిగిస్తారు. దాని మీద పాలిష్ పూసి నిప్పు దగ్గరకు తీసుకెళ్ళడం ప్రమాదం.

కాలం చూసుకుని మొదలుపెట్టాలి

చేతిపని డ్రమ్ముకు రెండు రోజులే. పాలిష్ గట్టిపడడానికి మాత్రం రెండు మూడు వారాలు పడుతుంది. నెలలోపు ప్రోగ్రాం ఒప్పుకుని ఉంటే ఇప్పుడు విప్పకండి.

మన తిరుపతి, చిత్తూరు వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. ఆ తేమలో పూసిన పాలిష్ ఆరక సతాయిస్తుంది, మసకబారుతుంది. ఏప్రిల్, మే ఎండల్లో దానికి పూర్తిగా ఎదురు. కుంచె గీతలు సర్దుకునేలోపే పైపొర ఆరిపోయి చారలు మిగులుతాయి. సంక్రాంతి దాటినప్పటి నుంచి మార్చి దాకా మంచి కాలం. గంగజాతర మే నెలలో వస్తుంది కాబట్టి, జాతరకు కిట్ సిద్ధం కావాలనుకునేవాళ్ళకు లెక్క బాగా సరిపోతుంది.

గుడ్డ ఎంపిక, కొలత

కలంకారీలో మనకు దొరికేవి రెండు దారులు. శ్రీకాళహస్తిది వెదురు కలంతో చేత్తో గీసేది. నూలు గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో నానబెట్టి, ఇనుము, బెల్లం ఊరబెట్టి తీసిన కసిమితో నల్లగీతలు గీస్తారు. ఎరుపు రావలసిన చోట పటిక పెట్టి రంగు ఎక్కిస్తారు. కృష్ణా జిల్లా పెడన వైపు వచ్చేది చెక్క అచ్చులతో అద్దేది. డ్రమ్ముకు ఏది మంచిదని అడిగితే, కొత్తగా కొనేవాళ్ళకు అచ్చు కలంకారీయే సులువంటాను. అచ్చు ఒకే దూరంలో మళ్ళీ మళ్ళీ వస్తుంది కాబట్టి అతుకు దగ్గర పువ్వును పువ్వుతో కలపొచ్చు. 12 అంగుళాల టామ్ చుట్టుకొలత 37.7 అంగుళాలు. అచ్చు నిడివి 4.7 అంగుళాలైతే సరిగ్గా ఎనిమిది సార్లు వస్తుంది, అతుకే కనబడదు. చేత్తో గీసినదానిలో ఏ రెండు పువ్వులూ ఒకటి కావు. అతుకును వెనకవైపు దాచుకోవాలి.

బొమ్మల విషయంలో ఒక మాట. శ్రీకాళహస్తి గుడ్డల మీద రామాయణ, భారత ఘట్టాలు, దేవతల రూపాలు ఎక్కువ. వాటిని డ్రమ్ముకు వాడకండి. బేస్ డ్రమ్మును కాలితో వాయిస్తాం, ఫ్లోర్ టామ్ నేలకు జానెడు ఎత్తులో ఉంటుంది, మోసేటప్పుడు ఎక్కడంటే అక్కడ పెడతాం. పైగా ఒక కళాకారుడు రోజుల తరబడి గీసిన పూర్తి చిత్రాన్ని కత్తెర వేసి పట్టీలు చెయ్యడం నాకు మనసొప్పదు. లతలు, చిలకలు, నెమళ్ళు, తామరలు, జీవవృక్షం కొమ్మలు ఉన్న తాను గుడ్డ గానీ, చిరిగి కట్టుకోలేని చీర గానీ తీసుకోండి.

చీర ఎందుకు మంచిదంటే, షెల్‌కు చుట్టే పట్టీ పొడుగ్గా, అడ్డంగా ఉంటుంది. తాను గుడ్డ మీద బొమ్మలు సాధారణంగా తాను పొడుగునా నిలబడి ఉంటాయి. పొడుగునా పట్టీ కోసి అడ్డంగా చుడితే చిలకలన్నీ పడుకుంటాయి. చీరంచు అలా కాదు, అది పొడుగునా సాగడానికే గీసింది. డ్రమ్ముకు చుట్టినా చీర కట్టినప్పుడు ఎలా ఉంటుందో అలాగే ఉంటుంది. తాను గుడ్డే కొనేవాళ్ళు పట్టీని గాలిలో పట్టుకుని బొమ్మ ఎటు తిరుగుతుందో చూసుకున్నాకే డబ్బు ఇవ్వండి.

కొలతకు దర్జీ టేపు చాలు. షెల్ చుట్టూ తిప్పి కొలవండి, పేరులో ఉన్న అంగుళాలను నమ్ముకోకండి. అసలు షెల్ కొంచెం తక్కువే ఉంటుంది. అంచనాకు చుట్టుకొలతలు ఇవి: 10 అంగుళాలకు 31.4, 12కు 37.7, 14కు 44, 16కు 50.3, 22కు 69.1. చుట్టుకొలతకు ఒక అంగుళం, ఎత్తుకు పైన అర, కింద అర కలుపుకోవాలి. నా కిట్‌లో 22 అంగుళాల బేస్, 16 ఫ్లోర్ టామ్, 12, 10 టామ్‌లు, ఒక 14 స్నేర్. అన్నిటికీ కలిపి చీరంచు దాదాపు 6 మీటర్లు కావలసి వచ్చింది. అయిదున్నర మీటర్ల చీరకు రెండంచులు, అంటే 11 మీటర్లు. తప్పు జరిగితే మళ్ళీ కోసుకునేంత మిగిలింది. తాను గుడ్డైతే 45 అంగుళాల పన్నాలో 3 మీటర్లు ఇంతే కిట్‌కు సరిపోతుంది.

విప్పడం

ఒక్కో డ్రమ్మునే విప్పండి, చిన్న టామ్‌తో మొదలుపెట్టండి. ముందు ఫోన్‌తో నాలుగు వైపులా ఫొటోలు తీయండి. డ్రమ్ కీతో రాడ్లు (స్కిన్‌ను బిగించే పొడుగు బోల్టులు) ఎదురెదురుగా కొంచెం కొంచెం వదులు చేస్తూ రావాలి. ఒక వైపే పూర్తిగా వదిలితే రిమ్ము (స్కిన్‌ను నొక్కిపట్టే వలయం) వంకర పోతుంది. తర్వాత లోపలి నుంచి లగ్గుల (రాడ్లు దిగే, షెల్‌కు బిగించిన లోహపు ముక్కల) స్క్రూలు. 12 అంగుళాల టామ్‌కు చాలా వరకు ఆరు లగ్గులు, పైనా కిందా పన్నెండు రాడ్లు. బ్రాకెట్టు, గాలి రంధ్రానికున్న లోహపు వలయం, కంపెనీ బిళ్ళ కూడా తీయాలి. ఆ వలయం ఒకసారి తీస్తే వంగిపోవచ్చు, కొత్తది తెచ్చుకోండి.

స్క్రూలు కలిసిపోకుండా ఇడ్లీ పాత్ర పళ్ళేలు వాడాను. ఒక్కో గుంటలో ఒక్కో రకం. పళ్ళెం మీద పళ్ళెం పేర్చితే కిట్ మొత్తం ఇడ్లీ స్టాండు ఎత్తులోనే సర్దుకుంటుంది.

రాడ్లను రాత్రంతా కిరోసిన్‌లో వేసి, పొద్దున పాత టూత్ బ్రష్షుతో తోమి, తుడిచి, కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క రాయండి. క్రోమ్ రిమ్ముల మీది తుప్పు చుక్కలకు అల్యూమినియం ఫాయిల్ ముద్దను నీళ్ళలో తడిపి రుద్దితే చాలు, క్రోమ్ గీతలు పడకుండా తుప్పు వదులుతుంది. లగ్గు లోపల స్ప్రింగులుంటే వాటి చుట్టూ కాస్త దూది కుక్కండి. పాత కిట్లలో వినిపించే సన్నని జర్‌జర్ శబ్దం చాలాసార్లు అక్కడిదే.

పాత తొడుగు తీయడం

అతుకు దగ్గర హెయిర్ డ్రైయర్‌తో వేడిచేసి, మొండి కత్తి దూర్చి, మెల్లగా లాగాలి. చాలా చవక కిట్లలో తొడుగును అతుకు దగ్గరే అంటిస్తారు, మిగతాది వట్టిగా చుట్టి ఉంటుంది, నిమిషంలో వచ్చేస్తుంది. మొత్తం అంటించినదైతే నాలుగు వేళ్ళ వెడల్పు చొప్పున వేడిచేస్తూ పోవాలి. చెక్క పొరలు పైకి లేస్తే లాగడం ఆపి, ఎదురు వైపు నుంచి లాగండి. కిటికీలు తెరిచి పెట్టుకోండి, వేడికి ప్లాస్టిక్ పొగ వస్తుంది. ఎవరైనా పెద్దవాళ్ళు ఇచ్చిన చాలా పాత విదేశీ కిట్ అయితే అసలు వేడి తగలనివ్వకండి. ఒకప్పటి సెల్యులాయిడ్ తొడుగులు సులువుగా అంటుకుంటాయి.

తొడుగు పోయాక లోపలి చెక్క చూసి దిగులు పడకండి. మరకలు, జిగురు గడ్డలు, పొర లేచిన చోట్లు అన్నీ ఉంటాయి. లేచిన పొరల కింద ఫెవికాల్ దూర్చి టేపు వేసి బిగించండి. గుంటలు వుడ్ పుట్టీతో పూడ్చండి. ఆరాక 120, తర్వాత 180, చివర 220 నంబరు గరుకుకాగితంతో చెక్క చార వెంబడే రుద్దండి. చేత్తో తడిమి చూస్తే ఎక్కడా ఎత్తుపల్లం తెలియకూడదు.

అంచు పరీక్ష

మన జిల్లాల్లో గ్రానైటు లేని వంటిల్లు అరుదు. గట్టు శుభ్రంగా తుడిచి, షెల్‌ను దాని మీద నిలబెట్టి, లోపల టార్చి పెట్టి లైట్లు ఆర్పేయండి. అంచు కింద నుంచి వెలుతురు కనబడిన చోట పల్లం ఉన్నట్టు. కాగితమంత సందైతే 400 నంబరు కాగితాన్ని గట్టు మీద పరిచి, షెల్‌ను గుండ్రంగా నాలుగైదు సార్లు తిప్పితే సరిపోతుంది. అంతకంటే ఎక్కువుంటే మంచి వడ్రంగి దగ్గరకు తీసుకెళ్ళాలి, ఇంట్లో అరగదీయకండి.

స్నేర్ కింది అంచుకు ఈ పరీక్ష వర్తించదు. అక్కడ ఎదురెదురుగా రెండు చోట్ల కావాలనే పల్లం తీసి ఉంటారు, స్నేర్ తీగలు స్కిన్‌కు ఆనుకోవడానికి. తెలియక దాన్ని చదును చేస్తే స్నేర్ ఇక సరిగ్గా పలకదు.

అంచు బాగుంటే దాని మీద పెయింటర్ టేపు అంటించి, కిందికి ఎనిమిదో వంతు అంగుళం మడవండి. పని ముగిసేదాకా అది అక్కడే ఉండాలి.

తెల్ల పూత ఎందుకు

పాలిష్ తాగిన నూలు గుడ్డ, నీళ్ళలో తడిసిన పంచెలాగా, పారదర్శకం అవుతుంది. కింద చెక్క మీది ప్రతి మరకా పైకి కనబడుతుంది. అందుకే షెల్‌కు ముందు నీళ్ళతో కలిపే తెల్ల వుడ్ ప్రైమర్ రెండు పూతలు వేసి, ఆరాక 220తో సుతారంగా రుద్దాలి. కలంకారీ నేల పాలమీగడ రంగు కాబట్టి తెలుపులో చిటికెడు పసుపు రంగు స్టెయినర్ కలిపాను, గుడ్డ రంగు పాలిపోకుండా నిలిచింది.

గుడ్డ తయారీ

కొత్త గుడ్డైతే గంజి పోవడానికి చల్లని నీళ్ళలో కుంకుడురసంతో ఉతికి, నీడన ఆరేయండి. తర్వాత రంగు పరీక్ష: తెల్ల గుడ్డ ముక్కను తడిపి, ఎరుపు మీదా నీలం మీదా అయిదు నిమిషాలు గట్టిగా నొక్కి చూడండి. రంగు అంటితే తడి జిగురు పద్ధతి పనికిరాదు.

నేను ఈ పరీక్ష చెయ్యలేదు. మొదటి టామ్‌కు తడి ఫెవికాల్ పూసి గుడ్డ పరిచాను, గంటలో మంజిష్ఠ ఎరుపు పాకి చిలక రెక్కలన్నీ గులాబీ మరకలయ్యాయి. అమ్మ చూసి ఏమీ అనలేదు. ఆ ముక్కను ఇప్పటికీ దాచిపెట్టింది. ఆ తర్వాత నుంచి పొడి పద్ధతే వాడుతున్నాను, అదే మీకు చెబుతున్నాను.

పాత కలంకారీలో ఇంకొకటి గమనించాలి. ఇనుము కలిసిన నల్లరంగు ఏళ్ళ తరబడి నూలును తినేస్తుంది, అందుకే చీర నల్లగీతల వెంబడే ముందు చిరుగుతుంది. అలాంటి చోట్లను లాగకుండా, రెండు చేతుల మీద మోస్తూ ఇస్త్రీ చెయ్యండి. ఒకసారి షెల్‌కు అంటితే గుడ్డను చెక్కే మోస్తుంది, ఇక చిరుగు సాగదు.

పొడి జిగురు, ఇస్త్రీ పెట్టె

షెల్ మీద నీళ్ళు కలపని తెల్ల ఫెవికాల్‌ను కుంచెతో పలుచగా, సమంగా పూయండి. ఆరాక రెండో పూత. ఒక రోజంతా వదిలేస్తే అది పారదర్శకమైన పొరలా గట్టిపడుతుంది. వేడి తగిలితే ఆ పొర మళ్ళీ మెత్తబడి పట్టుకుంటుంది. తడి లేదు కాబట్టి రంగు పాకదు.

అతుకు ఎక్కడ రావాలో ముందే నిర్ణయించుకోండి. లగ్గుల వరస కిందైతే సగం కప్పుకుపోతుంది, అందులోనూ వాయించేవాడి వైపు ఉన్న వరస మంచిది. అక్కడ పెన్సిలుతో షెల్ మీద నిలువు గీత గీయండి. అంచు బొమ్మ ఏ ఎత్తులో రావాలో చుట్టూ మూడు నాలుగు చుక్కలు పెట్టుకోండి. అన్ని డ్రమ్ములకూ ఆ ఎత్తు ఒకటే లెక్కలో ఉంటే స్టేజీ మీద కిట్ మొత్తం ఒకే చీర కట్టినట్టు కనబడుతుంది. నేను చీరంచు షెల్ కింది వైపు వచ్చేట్టు పెట్టాను, కట్టిన చీరలో ఉన్నట్టే.

గుడ్డ కొసను గీత మీద పెట్టి, పైన పల్చటి తెల్ల నూలు గుడ్డ వేసి, ఆవిరి లేని ఇస్త్రీ పెట్టెను మధ్యరకం వేడిలో పది సెకన్లు నొక్కండి. పట్టుకుందో లేదో గోటితో చూడండి. షెల్‌ను ఒళ్ళో దుప్పటి మీద పెట్టుకుని, కొద్దికొద్దిగా దొర్లిస్తూ, మధ్య నుంచి పైకీ కిందికీ ఇస్త్రీ చేస్తూ పోండి. గుడ్డను లాగకూడదు, పరచాలి. లాగితే వేడికి అంటుకుని, చల్లారాక వెనక్కు ముడుచుకుంటుంది, అతుకు తెరుచుకుంటుంది. ఇద్దరుంటే మేలు. మా తమ్ముడు షెల్ తిప్పాడు, నేను ఇస్త్రీ చేశాను.

చుట్టు పూర్తయ్యాక రెండో కొస మొదటి కొస మీదికి అంగుళం ఎక్కుతుంది. కొత్త బ్లేడూ స్టీలు స్కేలూ తీసుకుని రెండు పొరలనూ ఒకేసారి నిలువుగా కోయండి. పైముక్క, కిందిముక్క రెండూ తీసేస్తే కొసలు ఒకదానికొకటి ఆనుకుని కూచుంటాయి, ఎత్తు రాదు. కింద కాస్త ఫెవికాల్ తాకించి మళ్ళీ ఇస్త్రీ.

పైనా కిందా గుడ్డను అంచు దాకా తీసుకెళ్ళకండి. అంచుకు ఎనిమిదో వంతు అంగుళం ఇవతలే కోయండి. రిమ్ము ఆ సందును ఎలాగూ కప్పేస్తుంది.

ఇప్పుడు స్కిన్‌ను తీసుకుని షెల్ మీద పెట్టి చూడండి. తన బరువుకే దిగి, వేలితో తిప్పితే వదులుగా తిరగాలి. ఇరుకుగా ఉంటే పాలిష్ ఎక్కాక అసలే దిగదు. ఈ దశలోనే పైఅంచు దగ్గర గుడ్డను ఇంకొంచెం కిందికి కోసుకోండి.

పాలిష్

క్లియర్ పాలీయూరిథేన్ వుడ్ పాలిష్ ఏదైనా ఫర్వాలేదు, టచ్‌వుడ్ లాంటివి ప్రతి పెయింటు అంగట్లో దొరుకుతాయి. కొంచెం తేనె రంగు వస్తుంది. కలంకారీకి అది అందమే. మిగిలిన గుడ్డ ముక్క మీద ముందు ఒకసారి పూసి చూడండి. వంటింటికి దూరంగా, గాలి ఆడే చోట, రసాయన వాసనను ఆపే మాస్కుతో పని చెయ్యండి. మామూలు గుడ్డ మాస్కు ఈ ఆవిరిని ఆపదు.

షెల్ లోపలికి వెదురు కర్ర దూర్చి రెండు కుర్చీల మీద ఆనించాను. ఒక చేత్తో తిప్పుతూ ఇంకో చేత్తో రెండంగుళాల మెత్తని కుంచెతో పూయడం సులువైంది. మొదటి పూత డబ్బా మీద చెప్పినంత థిన్నర్ కలిపి పలుచగా. గుడ్డ దాన్ని తాగేస్తుంది, ఆరాక నూలు రోమాలు ముళ్ళలా లేచి నిలబడతాయి. అదేమీ తప్పు కాదు. రెండో పూత కూడా వేసి, ఆరాక 320తో రోమాలను మాత్రం కోసినట్టు తేలిగ్గా రుద్దండి. ఇక్కడ బలం చూపిస్తే దారం తెగి రంగు పోతుంది.

ఈ రెండు పూతల తర్వాతే రంధ్రాలు తెరవాలి. పాలిష్ తాగిన గుడ్డ గట్టిపడి ఉంటుంది కాబట్టి పీచు లేవదు. లోపలి నుంచి సూదితో గుర్తు పెట్టి, బయట నుంచి బ్లేడు మొనతో కోసి, గుండ్రటి చిన్న ఆకురాయిని బయటి నుంచి లోపలికి మాత్రమే నెట్టాలి. లోపలి నుంచి బయటికి తోస్తే గుడ్డ లేస్తుంది.

తర్వాత మరో నాలుగైదు పూతలు. పూతకూ పూతకూ మధ్య డబ్బా మీద రాసినంత సేపు ఆరనిచ్చి, 400తో రుద్ది, తడి గుడ్డతో తుడిచి, మళ్ళీ పూత. నేత అల్లిక చేతికి తెలియనంత వరకూ పూస్తే అద్దంలా వస్తుంది. నాకు అంత మెరుపు నచ్చదు, గుడ్డ గుడ్డలా కనబడాలి. అందుకే అయిదు పూతలకే ఆపాను. మెరుపు కావాలనుకుంటే చివరి పూత రెండు వారాలు గట్టిపడ్డాక 800, 1200, 2000 నంబర్లతో తడిపి రుద్ది, కారు పెయింటుకు వాడే రబ్బింగ్ కాంపౌండ్‌తో పాలిష్ పట్టండి.

బేస్ డ్రమ్ము వేరు

దాని చెక్క రిమ్ముల మధ్యలో సన్నని పట్టీ వేసే చోటు ఉంటుంది. పాత ప్లాస్టిక్ పట్టీ తీసేసి, అక్కడ చీరంచులోని గీతలున్న అంగుళం వెడల్పు గుడ్డ పెట్టి, మిగతా రిమ్ముకు నీలిమందు రంగుకు దగ్గరైన ముదురు నీలం పూశాను. కిట్ మొత్తంలో చూసినవాళ్ళ కన్ను మొదట ఆగేది అక్కడే.

ముందువైపు స్కిన్ మీద పేరు రాయాలనుకునేవాళ్ళు పెయింటు వాడకండి, ప్లాస్టిక్ స్కిన్ మీద కంపనానికి పెచ్చులూడుతుంది. స్టిక్కరు కోసిచ్చే అంగడిలో వినైల్‌తో చేయించుకోండి. స్కిన్ అంతా కప్పేయకుండా అక్షరాలు మాత్రమే అంటిస్తే ధ్వని మూగబోదు.

"అన్నా, సన్‌మైకా అంటిస్తే పోలా?"

మా ఆర్కెస్ట్రాలో కుర్రాడు అడిగాడు. పోదు. ఒక మిల్లీమీటరు మందం సన్‌మైకా బల్లకు సరే. 12 అంగుళాల వంపుకు అది ఎప్పుడూ విప్పుకోవాలనే చూస్తుంది, మన ఎండల్లో అతుకు లేచిపోతుంది. మందం వల్ల స్కిన్ కూడా ఇరుకవుతుంది. డ్రమ్ముకని చేసే తొడుగులు దాదాపు అర మిల్లీమీటరే ఉంటాయి.

ఒక్క సాయంత్రంలో పని తేలాలంటే కార్లకు వేసే వినైల్ ఫిల్మ్ మేలు. హెయిర్ డ్రైయర్‌తో వేడిచేస్తూ పరచొచ్చు, నచ్చకపోతే పీకెయ్యొచ్చు. కింద గుంట ఉంటే అలాగే కనబడుతుంది కాబట్టి చెక్క నునుపు చేసే పని మాత్రం తప్పదు.

బిగింపు, శ్రుతి

అంచు మీది టేపును పాలిష్ పూర్తిగా రాయిలా మారకముందే, చివరి పూత మర్నాడు తీసేయండి. ఆలస్యమైతే పాలిష్ పొర దానితో పాటు లేస్తుంది. పాలిష్ గట్టిపడ్డాక అంచు మీద తెల్ల కొవ్వొత్తిని ఒక్క చుట్టు రుద్ది, వేలితో తుడవండి, స్కిన్ జారుతూ సర్దుకుంటుంది. లగ్గుల కింద పాత రబ్బరు పలకలు లేకపోతే సైకిల్ ట్యూబు ముక్కలు కోసి పెట్టండి, లేదంటే లోహం కొత్త పాలిష్‌లోకి దిగబడుతుంది. స్క్రూలు చేతి బలానికి ఆగిన చోట ఆపాలి.

స్కిన్, రిమ్ము పెట్టి అన్ని రాడ్లూ వేళ్ళతోనే ఆగేదాకా తిప్పండి. తర్వాత కీతో ఒకదానికి సగం తిప్పు, దాని ఎదురుదానికి సగం, పక్కకు జరిగి మళ్ళీ ఎదురుది. ముడతలు పోయాక ప్రతి రాడ్ దగ్గర అంగుళం లోపలికి స్టిక్‌తో తట్టి, ఆరు చోట్లా ఒకే స్వరం వచ్చేదాకా పావు తిప్పుల్లో సరిచేయండి. ఒక చోట ఎంత బిగించినా స్వరం పడిపోతుంటే విప్పి, ఆ చోట అంచు మీద పాలిష్ చుక్క ఉందేమో వేలితో చూడండి. నా ఫ్లోర్ టామ్‌లో ఆవగింజంత చుక్క దొరికింది. 400 కాగితంతో రెండుసార్లు రుద్దితే గొంతు తిరిగి వచ్చింది.

ప్రకృతి రంగులు ఎండకు వెలుస్తాయి, పసుపు అన్నిటికంటే ముందు. పగలు మండపంలో కిట్ పెట్టాల్సి వస్తే కార్యక్రమం మొదలయ్యేదాకా దుప్పటి కప్పండి, ఎండలో ఆగిన వ్యానులో వదలకండి. తుడవడానికి పొడి మెత్తని గుడ్డ చాలు. మిగిలిన చీరంచులో జానెడు ముక్క, చిన్న సీసాలో పాలిష్, ఒక బ్లేడు స్నేర్ పెట్టెలో పెట్టుకున్నాను. స్టాండు తగిలి పొర లేచినా ఆ చోట చతురస్రంగా కోసి, అదే బొమ్మ ఉన్న ముక్క అంటించుకోవచ్చు.